హెచ్‌బేస్ క్లస్టర్‌లో రీజియన్‌సర్వర్ లోకల్‌హోస్ట్ పేరుతో కనిపిస్తుంటే ఎక్కడ వెతకాలి

ముందు మీ పరిస్థితిని ఒకసారి చెప్పుకుందాం. మూడు ఉబుంటు మెషీన్ల మీద హెచ్‌బేస్ (డేటాను చాలా మెషీన్లకు పంచి ఉంచే డేటాబేస్) నడుస్తోంది. నోడ్1లో మాస్టర్ (హెచ్‌బేస్‌ను నడిపించేది), నేమ్‌నోడ్ (హడూప్ ఫైల్ సిస్టమ్ హెచ్‌డీఎఫ్‌ఎస్‌లో ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పేది), జూకీపర్ (ఏ సర్వర్ ఎక్కడుందో చెప్పేది) ఉన్నాయి. మూడింటిలోనూ డేటానోడ్ (ఫైళ్లను నిల్వ చేసేది), రీజియన్‌సర్వర్ (టేబుల్ ముక్కలను, అంటే రీజియన్లను, అందించేది) ఉన్నాయి. మాస్టర్ వెబ్ పేజీలో మాత్రం ఒక్క రీజియన్‌సర్వరే కనిపిస్తోంది, దాని పేరు కూడా లోకల్‌హోస్ట్ అని ఉంది. నోడ్1లో షెల్ తెరిస్తే టేబుల్ చదవగలుగుతున్నారు. వేరే మెషీన్‌లో ఉన్న జావా ప్రోగ్రామ్ మాత్రం చాలాసేపు ఏమీ చెప్పకుండా ఆగి, చివరికి టైమౌట్ అంటోంది. ఫైర్‌వాల్ పూర్తిగా ఆపేసి చూసినా మార్పు లేదు.

ఫైర్‌వాల్ ఆపినా మారలేదంటేనే దారి చాలావరకు తెలిసిపోయింది. ఇది పేర్ల సమస్య. హెచ్‌బేస్ సెట్టింగుల ఫైల్‌ను ఇప్పుడే ముట్టుకోకండి. కింద మెషీన్ పేరు సరిగా లేకుండా పైన ఎన్ని ప్రాపర్టీలు చేర్చినా ఒక తప్పు మీద ఇంకో తప్పు పేరుకుంటుంది, తర్వాత ఏది ఎందుకు పెట్టారో మీకే గుర్తుండదు.

కమాండ్లనూ ప్రాపర్టీలనూ ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. పెద్ద అక్షరం కావాల్సిన చోట ఆ మాట చెబుతాను.

పేరు ఎవరు పెడతారు

మామూలు డేటాబేస్‌కు మీరు ఒక అడ్రస్ ఇస్తారు, ప్రోగ్రామ్ అక్కడికే వెళ్తుంది, పని అక్కడే అయిపోతుంది. హెచ్‌బేస్‌లో అలా కాదు. మీ ప్రోగ్రామ్‌కు మీరిచ్చేది జూకీపర్ అడ్రస్ మాత్రమే. ప్రోగ్రామ్ జూకీపర్‌ను అడిగి మెటా టేబుల్ ఏ సర్వర్‌లో ఉందో తెలుసుకుంటుంది. మెటాను చదివి తనకు కావాల్సిన రో (టేబుల్‌లో ఒక వరుస) ఏ రీజియన్‌సర్వర్ దగ్గర ఉందో తెలుసుకుంటుంది. ఆ తర్వాత నేరుగా ఆ సర్వర్‌కే కనెక్ట్ అవుతుంది. జూకీపర్‌లో గానీ మెటాలో గానీ రాసి ఉండేది ఐపీ కాదు, పేరు. నోడ్2 అన్న పేరు, 16020 అన్న పోర్టు, సర్వర్ లేచిన సమయం, ఈ మూడూ కామాలతో కలిపితే ఒక రీజియన్‌సర్వర్ గుర్తింపు అవుతుంది.

ఆ చోట లోకల్‌హోస్ట్ అని రాసి ఉందనుకోండి. నోడ్1లో ఉన్న షెల్‌కు లోకల్‌హోస్ట్ అంటే నోడ్1, కాబట్టి పని జరిగిపోతుంది. బయటి మెషీన్‌లో ఉన్న ప్రోగ్రామ్‌కు లోకల్‌హోస్ట్ అంటే ఆ మెషీనే. అది తన 16020 పోర్టును తానే తట్టుకుంటూ కూర్చుంటుంది. మీకు జరుగుతున్నది ఇదే.

రీజియన్‌సర్వర్ పేరును ఆ రీజియన్‌సర్వరే పూర్తిగా నిర్ణయించుకోదన్న సంగతి చాలామందికి తెలియదు. లేవగానే అది తన మెషీన్ పేరు చూసుకుంటుంది, ఆ పేరుకు ఏ ఐపీ వస్తుందో చూసి ఆ ఐపీ మీద పోర్టు తెరుస్తుంది. తర్వాత మాస్టర్‌కు కబురు పెడుతుంది. మాస్టర్ ఆ కబురు ఏ ఐపీ నుంచి వచ్చిందో చూసి, ఆ ఐపీకి పేరేమిటని తన మెషీన్‌లో వెనక్కి వెతుకుతుంది. అలా దొరికిన పేరునే రీజియన్‌సర్వర్‌కు తిరిగి పంపుతుంది. క్లస్టర్‌లో చలామణీ అయ్యేది ఆ పేరే. రెండూ తేడాగా ఉంటే రీజియన్‌సర్వర్ లాగ్‌లో ఈ మాట కనిపిస్తుంది: «మాస్టర్ పాస్డ్ అస్ ఎ డిఫరెంట్ హోస్ట్‌నేమ్ టు యూజ్», ఆ పక్కనే «వాజ్» అని పాత పేరు, «బట్ నౌ» అని కొత్త పేరు. లాగ్‌లో మొట్టమొదట వెతకాల్సింది ఈ లైనే. ఇది కనిపిస్తే తప్పు రీజియన్‌సర్వర్ మెషీన్‌లోనే ఉందని అనుకోకండి, మాస్టర్ మెషీన్‌లో హోస్ట్స్ ఫైల్ (పేర్లు, వాటి ఐపీలు రాసి ఉండే /ఈటీసీ/హోస్ట్స్) కూడా తెరవండి.

కాబట్టి ప్రతి మెషీన్‌లో నాలుగు జవాబులు ఒకదానితో ఒకటి కలవాలి: ఈ మెషీన్ తన పేరు ఏమనుకుంటోంది, ఆ పేరుకు ఇక్కడ ఏ ఐపీ వస్తోంది, ఆ ఐపీని వెనక్కి వెతికితే అదే పేరు వస్తోందా, ఇదే పేరుకు మిగతా మెషీన్లలోనూ ప్రోగ్రామ్ నడిచే మెషీన్‌లోనూ అదే ఐపీ వస్తోందా.

చూసే పద్ధతి

ప్రతి మెషీన్‌లో ముందు «హోస్ట్‌నేమ్» కొట్టండి, తర్వాత «హోస్ట్‌నేమ్ -ఎఫ్». రెండోది పూర్తి పేరు ఇస్తుంది. ఆ తర్వాత «హోస్ట్‌నేమ్ -ఐ», చిన్న ఐతో. ఈ మెషీన్ పేరుకు ఏ ఐపీ వస్తోందో అది చెబుతుంది. అదే పెద్ద ఐతో కొడితే మెషీన్‌కు నిజంగా ఉన్న ఐపీలన్నీ వస్తాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. చిన్న ఐకి 127తో మొదలయ్యేది వచ్చి, పెద్ద ఐకి 192.168.10.11 లాంటిది వచ్చిందంటే దోషం దొరికినట్టే.

పేరుకు ఐపీ వెతకడానికి «గెటెంట్ హోస్ట్స్ నోడ్2» వాడండి, వెనక్కి వెతకడానికి «గెటెంట్ హోస్ట్స్ 192.168.10.12» వాడండి. డిగ్, ఎన్‌ఎస్‌లుకప్ వాడకండి. అవి హోస్ట్స్ ఫైల్‌ను చూడవు, నేరుగా డీఎన్‌ఎస్ సర్వర్‌ను అడుగుతాయి. జావా మాత్రం గెటెంట్ వెళ్లే దారిలోనే వెళ్తుంది: ఎన్‌ఎస్‌స్విచ్ ఫైల్‌లో హోస్ట్స్ అన్న లైన్‌లో ఏ వరుస ఉంటే ఆ వరుసలో. ఆ లైన్‌లో «ఫైల్స్» అన్న మాట «డీఎన్‌ఎస్» కంటే ముందు ఉండాలి. డిగ్‌లో అంతా బాగానే ఉంది, హెచ్‌బేస్‌లో మాత్రం తప్పు వస్తోందని చాలామంది గంటల కొద్దీ తల పట్టుకునేది ఈ తేడా తెలియకే.

గెటెంట్ ఫలితం మీ మెషీన్లలో ఇలా ఉండి ఉంటుంది. నోడ్1లో:

127.0.1.1  నోడ్1

ఉబుంటు, డెబియన్ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు హోస్ట్స్ ఫైల్‌లో రెండో లైన్‌గా ఈ 127.0.1.1ను చేరుస్తాయి. శాశ్వతమైన ఐపీ లేని మెషీన్‌లో కూడా సొంత పేరు ఏదో ఒక ఐపీకి తగలాలని చేసిన ఏర్పాటు అది. ఒంటరిగా ఉండే మెషీన్‌కు దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. క్లస్టర్‌లో మాత్రం మాస్టర్ తన పేరుకు 127.0.1.1 వచ్చిందని ఆ ఐపీ మీదే 16000 పోర్టు తెరుస్తుంది. నోడ్2 వచ్చి 192.168.10.11లో 16000ను తడితే అక్కడ ఎవరూ ఉండరు, కనెక్షన్ రిఫ్యూజ్డ్ అన్న జవాబు వస్తుంది. రిఫ్యూజ్డ్ అన్నది మెషీన్ నుంచే వస్తున్న జవాబు కాబట్టి ఫైర్‌వాల్ ఆపినా ఏమీ మారదు. నోడ్1లోనే ఉన్న రీజియన్‌సర్వర్ మాత్రం మాస్టర్‌ను లూప్‌బ్యాక్ (మెషీన్ తనతో తాను మాట్లాడుకునే 127 దారి) మీదుగా చేరుకుంటుంది. మాస్టర్ ఆ 127 ఐపీని వెనక్కి వెతికి లోకల్‌హోస్ట్ అని పేరు పెడుతుంది. మీ వెబ్ పేజీలో ఒక్క సర్వరే, అదీ ఆ పేరుతోనే ఎందుకు కనిపిస్తోందో దీంతో అర్థమవుతుంది.

రెడ్‌హ్యాట్ తరహా పంపిణీల్లో 127.0.1.1 లైన్ ఉండదు. అక్కడ వేరే అలవాటు ఉంది, 127.0.0.1 లైన్ చివర లోకల్‌హోస్ట్ పక్కనే మెషీన్ పేరును కూడా ఎవరో చేర్చేసి ఉంటారు. దాని ఫలితమూ ఇదే.

హోస్ట్స్ ఫైల్ ఎలా ఉండాలి

మూడు మెషీన్లలోనూ, ప్రోగ్రామ్ నడిచే మెషీన్‌లోనూ ఈ లైన్లు అచ్చంగా ఇలాగే ఉండాలి:

127.0.0.1  లోకల్‌హోస్ట్
192.168.10.11  నోడ్1.క్లస్టర్.లాన్  నోడ్1
192.168.10.12  నోడ్2.క్లస్టర్.లాన్  నోడ్2
192.168.10.13  నోడ్3.క్లస్టర్.లాన్  నోడ్3

127.0.1.1 లైన్ పూర్తిగా తీసేయండి. ఐపీ తర్వాత వచ్చే మొదటి పేరే అసలు పేరు, మిగతావి మారుపేర్లు. వెనక్కి వెతికినప్పుడు వచ్చేది ఆ మొదటిదే. అందుకే అన్ని మెషీన్లలో వరుస ఒకేలా ఉండాలి. నోడ్1లో పూర్తి పేరు ముందు, నోడ్2లో పొట్టి పేరు ముందు ఉంటే ఒకే సర్వర్‌కు చోటును బట్టి రెండు పేర్లు తయారవుతాయి. ఒకే ఐపీని రెండు లైన్లలో రాయకండి, పైన ఉన్న లైనే పలుకుతుంది. రెండు ఐపీలకు ఒకే పేరు అసలే ఇవ్వకండి. అలా ఇస్తే ఒక రీజియన్‌సర్వర్ లేవగానే మాస్టర్ రెండోదాన్ని పాతబడిన సర్వర్‌గా లెక్కగట్టి చనిపోయినట్టు ప్రకటిస్తుంది, అది ఆగిపోతుంది. తిరిగి లేపితే మొదటిది పోతుంది. వర్చువల్ మెషీన్‌ను క్లోన్ చేసి పేరు మార్చడం మరిచిపోయిన చోట, పాత హోస్ట్స్ ఫైల్‌లో ఐపీ మాత్రమే మార్చిన చోట ఇది బాగా జరుగుతుంది.

పేరు పెట్టేటప్పుడు చిన్న అక్షరాలు, అంకెలు, హైఫన్ మాత్రమే వాడండి. అండర్‌స్కోర్ వద్దు. హోస్ట్‌నేమ్ నియమాల్లో దానికి చోటు లేదు. జావా యూఆర్‌ఐ క్లాస్ అలాంటి పేరును చూస్తే హోస్ట్ అడిగినచోట నల్ ఇస్తుంది, ఆ నల్ ఎక్కడో దూరంగా నల్ పాయింటర్‌గా బయటపడుతుంది. డొమైన్ చివర «లోకల్» అని పెట్టడమూ మానండి. ఆ చివరిమాట మల్టీకాస్ట్ డీఎన్‌ఎస్‌కు కేటాయించినది, దాన్ని నడిపే అవాహీ ఉన్న మెషీన్‌లో మీ డీఎన్‌ఎస్ సర్వర్ దాకా ప్రశ్న వెళ్లకుండానే దొరకలేదన్న జవాబు రావచ్చు.

మెషీన్ పేరు మార్చడానికి «హోస్ట్‌నేమ్‌సీటీఎల్ సెట్-హోస్ట్‌నేమ్» తర్వాత పేరు రాయండి. కేవలం హోస్ట్‌నేమ్ కమాండ్‌తో మార్చింది రీబూట్ వరకే నిలుస్తుంది.

క్లౌడ్‌లో ఉన్న మెషీన్లకు ఇంకో చిక్కుంది. క్లౌడ్-ఇనిట్ సెట్టింగుల్లో «మేనేజ్_ఈటీసీ_హోస్ట్స్» ట్రూ అని ఉంటే ప్రతి బూట్‌కూ అది హోస్ట్స్ ఫైల్‌ను తన మూస నుంచి మళ్లీ రాస్తుంది, డెబియన్ మూసలో 127.0.1.1 లైన్ మళ్లీ ప్రత్యక్షమవుతుంది. దాన్ని ఫాల్స్ చేయండి, «ప్రిజర్వ్_హోస్ట్‌నేమ్»ను ట్రూ చేయండి. వారం రోజులు బాగా నడిచిన క్లస్టర్ ఒక్క రీబూట్‌తో మొదటికి వచ్చిందంటే ముందు అనుమానించాల్సింది ఇదే. ఐపీలు కూడా స్థిరంగా ఉండాలి. డీహెచ్‌సీపీ వాడుతుంటే మ్యాక్ అడ్రస్‌కు రిజర్వేషన్ పెట్టండి.

సర్వర్ పేరు చోట ఐపీ కనిపిస్తే

వెబ్ పేజీలో పేరుకు బదులు 192.168.10.12 అని కనిపించే సందర్భం కూడా ఉంటుంది. అక్కడ జావా చేసే తనిఖీ ఒకటి తెలియాలి. ఐపీ నుంచి పేరు తెచ్చుకున్నాక జావా అంతటితో ఊరుకోదు. ఆ పేరును మళ్లీ ముందుకు వెతుకుతుంది. వచ్చిన ఐపీల్లో తాను మొదలుపెట్టిన ఐపీ లేకపోతే ఆ పేరును నమ్మదు, ఐపీనే అక్షరాలుగా తిరిగి ఇస్తుంది. అంటే పీటీఆర్ రికార్డ్ (ఐపీ నుంచి పేరు ఇచ్చేది) ఉంది, దానికి సరిపోయే «ఏ» రికార్డ్ (పేరు నుంచి ఐపీ ఇచ్చేది) లేదు, లేదా అది వేరే ఐపీకి పోతోంది. డీఎన్‌ఎస్ నడిపేవాళ్లను అడిగేటప్పుడు రెండూ అడగండి, ఒకటే సరిచేస్తే చాలదు.

కాస్త వేరే సందర్భం ఇంకొకటి. క్లౌడ్‌లో పీటీఆర్ రికార్డ్ వాళ్లు తయారుచేసిన పొడవాటి పేరు ఇస్తుంది, మీరు పెట్టుకున్నది నోడ్2. మాస్టర్ ఆ పొడవాటి పేరే రాస్తుంది. అన్ని మెషీన్ల హోస్ట్స్ ఫైళ్లలో పై నాలుగు లైన్లు ఉంటే డీఎన్‌ఎస్ దాకా వెళ్లే అవసరమే రాదు. హోస్ట్స్ ఫైల్ మీ చేతుల్లో లేనప్పుడు మాత్రమే «హెచ్‌బేస్.రీజియన్‌సర్వర్.హోస్ట్‌నేమ్» ప్రాపర్టీని ఆ మెషీన్ పేరుతో నింపండి. అప్పుడు మాస్టర్ వెనక్కి వెతకడం మాని ఆ పేరే తీసుకుంటుంది. ఇది ఒక్కో మెషీన్‌కు ఒక్కోలా ఉండాల్సిన ప్రాపర్టీ. సెట్టింగుల ఫైల్‌ను అన్ని మెషీన్లకూ ఒకేసారి కాపీ చేసే అలవాటు ఉంటే అన్ని సర్వర్లూ నోడ్2 అయిపోతాయి. అందుకే దీన్ని చివరి మార్గంగానే ఉంచమంటాను.

రెండు నెట్‌వర్క్ కార్డులున్న మెషీన్లలో, అంటే డేటాకు ఒకటి, నిర్వహణకు ఒకటి ఉన్నప్పుడు, కబురు ఏ కార్డు నుంచి బయటికి వెళ్లిందో ఆ ఐపీనే మాస్టర్ చూస్తుంది. «ఐపీ రూట్ గెట్ 192.168.10.11» కొడితే ఆ దారిలో ఏ సోర్స్ ఐపీ వాడుతోందో చూపిస్తుంది. నిర్వహణ నెట్‌వర్క్ ఐపీ కనిపిస్తే రూటింగ్ సరిచేయండి. మెషీన్ పేరు ఏ కార్డుకు చెందాలో «హెచ్‌బేస్.రీజియన్‌సర్వర్.డీఎన్‌ఎస్.ఇంటర్‌ఫేస్» ద్వారా చెప్పవచ్చు, కానీ రూటింగ్ తప్పుగా ఉంటే అదొక్కటే సరిపోదు. మధ్యలో నాట్ (దారిలో ఐపీలను మార్చే ఏర్పాటు) ఉంటే మరీ కష్టం. అన్ని రీజియన్‌సర్వర్లూ గేట్‌వే ఐపీతోనే మాస్టర్‌కు కనిపిస్తాయి. క్లస్టర్ లోపలి మెషీన్ల మధ్య నాట్ ఉండకూడదు.

పోర్టులు, వచ్చే జవాబును చదవడం

పేర్లు కలిశాక అప్పుడు పోర్టుల సంగతి చూడండి. నోడ్1లో «ఎస్‌ఎస్ -ఎల్‌టీఎన్‌పీ» కొట్టి 16000 ఏ ఐపీ మీద తెరుచుకుందో చూడండి. 127తో మొదలైతే పేరు ఇంకా సరికాలేదు, లేదా సరిచేశాక సర్వీస్ రీస్టార్ట్ కాలేదు. 192.168.10.11 అని గానీ, 0.0.0.0 అని గానీ, నక్షత్రం గుర్తు గానీ ఉంటే సరే.

తర్వాత వేరే మెషీన్ నుంచి «ఎన్‌సీ -వీజెడ్ నోడ్1 16000» కొట్టండి. వచ్చే జవాబును మాటకు మాట చదవండి, మూడు రకాల జవాబులకు మూడు అర్థాలు. రిఫ్యూజ్డ్ అంటే మెషీన్ చేరుకున్నారు, ఆ ఐపీ మీద ఆ పోర్టులో ఎవరూ లేరు. చాలాసేపు ఆగి టైమ్డ్ అవుట్ అంటే దారిలో ఎవరో ప్యాకెట్‌ను చప్పుడు చేయకుండా పారేస్తున్నారు, క్లౌడ్ సెక్యూరిటీ గ్రూప్ సాధారణంగా ఇలాగే చేస్తుంది, లేదంటే పేరు తప్పు ఐపీకి పోతోంది. నో రూట్ టు హోస్ట్ అని వెంటనే వస్తే రూటింగ్ మీద పడకండి. పింగ్ వెళ్తూ ఈ మాట వస్తోందంటే చాలాసార్లు అది ఫైర్‌వాల్‌డీ పని, అది నిరాకరిస్తూ పంపే ఐసీఎంపీ సందేశం మీకు ఆ మాటగా కనిపిస్తుంది.

తెరవాల్సిన పోర్టులు ఇవి. జూకీపర్‌కు 2181. జూకీపర్లు ఒకటికంటే ఎక్కువ ఉంటే వాటి మధ్య 2888, 3888 కూడా. మాస్టర్‌కు 16000, దాని వెబ్ పేజీకి 16010. రీజియన్‌సర్వర్‌కు 16020, వెబ్ పేజీకి 16030. నేమ్‌నోడ్ పోర్టు మీరు కోర్-సైట్ ఫైల్‌లో రాసుకున్నదే, మామూలుగా 8020 లేదా 9000. డేటానోడ్‌కు హడూప్ 3లో 9866, 9864, 9867. మీ జావా ప్రోగ్రామ్ మెషీన్‌కు కావాల్సింది 2181, 16000, ఇంకా ప్రతి రీజియన్‌సర్వర్‌లోనూ 16020. «ప్రతి» అన్న మాట దగ్గర ఆగండి. ఒక్క రీజియన్‌సర్వర్‌కు పోర్టు తెరవడం మరిచిపోతే కొన్ని రోలు చకచకా వస్తాయి, కొన్ని మాత్రం వేలాడతాయి. అది డేటా సమస్యలా కనిపిస్తుంది గానీ నిజానికి ఆ రోలున్న రీజియన్ ఆ సర్వర్‌లో ఉందంతే.

పాత వ్యాసాల్లో 60000, 60020, 50010 అని చూస్తే అవి పాత వెర్షన్ల పోర్టులు. లినక్స్ తాత్కాలిక పోర్టులుగా మామూలుగా 32768 నుంచి 60999 వరకు వాడుకుంటుంది. ఏదో ఒక మామూలు కనెక్షన్ ముందే 60020ను ఆక్రమించేసి, రీజియన్‌సర్వర్ లేవలేకపోయే సందర్భాలు వచ్చేవి. అందుకే వాటిని ఆ పరిధి బయటికి మార్చారు. మీరు సొంతంగా పోర్టు ఎంచుకున్నా 32768 కంటే కిందే ఎంచుకోండి.

డేటానోడ్లు నేమ్‌నోడ్‌లో చేరకుండా «డేటానోడ్ డినైడ్ కమ్యూనికేషన్» అన్న లైన్ వస్తుంటే అది కూడా పేరు గొడవే. నేమ్‌నోడ్ వచ్చిన ఐపీని వెనక్కి వెతికింది, పేరు దొరకలేదు. నోడ్1 హోస్ట్స్ ఫైల్‌లో నోడ్2, నోడ్3 లైన్లు చేరిస్తే పోతుంది. ఆ తనిఖీని ఆపేసే ప్రాపర్టీ ఉంది గానీ, ఇక్కడ ఆపినా అదే లోపం రేపు రీజియన్‌సర్వర్ దగ్గర ఎదురవుతుంది.

ప్రోగ్రామ్ నడిచే మెషీన్

క్లస్టర్ అంతా సరిగ్గా ఉన్నా మీ జావా ప్రోగ్రామ్ ఆగిపోవచ్చు, ఎందుకంటే నోడ్1, నోడ్2, నోడ్3 పేర్లు ఆ మెషీన్‌కు కూడా తెలియాలి. జూకీపర్ అడ్రస్‌ను ఐపీగా ఇస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. జూకీపర్ వరకు అది సరిపోతుంది. అది తిరిగి ఇచ్చేది నోడ్2 అన్న పేరే. ఆ పేరు ఈ మెషీన్‌కు తెలియకపోతే అన్‌నోన్ హోస్ట్ ఎక్సెప్షన్ వస్తుంది, అదీ వెంటనే మీ కంటపడదు. క్లయింట్ ఒక్కో ప్రయత్నానికీ మధ్య విరామం పెంచుకుంటూ చాలాసార్లు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. మీరు చూస్తున్న నిశ్శబ్దం అదే. కారణం వెతుకుతున్నంతసేపు ప్రోగ్రామ్ వైపు «హెచ్‌బేస్.క్లయింట్.రిట్రైస్.నంబర్»ను 2కి తగ్గించండి, లాగ్ స్థాయిని డీబగ్ చేయండి. ఏ పేరు దగ్గర తడబడుతోందో త్వరగా బయటపడుతుంది. పని అయ్యాక మళ్లీ మామూలు విలువకు తెచ్చేయండి. 2తోనే వదిలేస్తే రీజియన్ ఒక సర్వర్ నుంచి ఇంకోదానికి మారే ఆ కాసేపట్లో కూడా ప్రోగ్రామ్ తప్పుతో ఆగిపోతుంది.

జూకీపర్‌లో నిజంగా ఏ పేర్లు రాసి ఉన్నాయో కళ్లారా చూడటం మంచిది. నోడ్1లో «హెచ్‌బేస్ జెడ్‌కేసీఎల్‌ఐ» తెరిచి «ఎల్‌ఎస్ /హెచ్‌బేస్/ఆర్‌ఎస్» కొట్టండి. మూడు రీజియన్‌సర్వర్లకు మూడు పేర్లు రావాలి. ఒక్కో పేరునూ కాపీ చేసుకుని ప్రోగ్రామ్ మెషీన్‌లో గెటెంట్‌కు ఇవ్వండి, తర్వాత ఎన్‌సీతో 16020 తట్టండి. మూడూ పలికితే నెట్‌వర్క్ వైపు పని పూర్తయినట్టే.

ఐపీ మార్చినప్పుడు జావా కొంతసేపు పాత జవాబునే పట్టుకుని ఉంటుంది. సెక్యూరిటీ మేనేజర్ లేనప్పుడు మామూలుగా 30 సెకన్లు, ఉంటే శాశ్వతంగా. కాబట్టి హోస్ట్స్ ఫైల్ మార్చాక సర్వీసులనూ ప్రోగ్రామ్‌నూ రీస్టార్ట్ చేయడమే నయం.

కంటైనర్లలో నడుపుతుంటే డాకర్ తనంతట తాను కంటైనర్ ఐడీనే హోస్ట్‌నేమ్‌గా పెడుతుంది, కంటైనర్ కొత్తగా తయారైన ప్రతిసారీ పేరు మారిపోతుంది. హోస్ట్‌నేమ్ ఆప్షన్‌తో పేరు స్థిరం చేయండి. లోపల హోస్ట్స్ ఫైల్‌ను చేత్తో దిద్దకండి, డాకర్ దాన్ని మళ్లీ రాసేస్తుంది. కుబర్నెటిస్‌లో స్టేట్‌ఫుల్‌సెట్, దానికి హెడ్‌లెస్ సర్వీస్ వాడండి. పాడ్ రెడీ అయ్యేదాకా దాని పేరు డీఎన్‌ఎస్‌లో కనిపించదు, పేరు కనిపించనిదే రీజియన్‌సర్వర్ రెడీ కాలేదు. ఈ ముడి విడిపోవాలంటే సర్వీస్‌లో «పబ్లిష్‌నాట్‌రెడీఅడ్రసెస్» (నాట్, రెడీ, అడ్రసెస్ మాటల మొదటి అక్షరాలు పెద్దవి) ట్రూ చేయాలి.

కనెక్ట్ అయ్యాక కూడా వేలాడితే

చిన్న రో చదివితే వస్తుంది, పెద్ద స్కాన్ చేస్తే అలాగే నిలిచిపోతుంది. ఏ లాగ్‌లోనూ పేరు తప్పు లేదు. అప్పుడు ఎమ్‌టీయూ (ఒక్క ప్యాకెట్‌కు ఉండే గరిష్ఠ పరిమాణం) చూడండి. ఒక మెషీన్ కార్డు 9000కు పెట్టి, మధ్యలో స్విచ్ 1500 దగ్గరే ఉంటే చిన్న ప్యాకెట్లు దాటిపోతాయి, పెద్దవి మధ్యలోనే పోతాయి. «పింగ్ -ఎమ్ డు -ఎస్ 1472 నోడ్2» కొట్టండి, ఇందులో -ఎమ్ మాత్రం పెద్ద అక్షరం. 1472కు 28 బైట్ల హెడర్లు కలిపితే 1500 అవుతుంది. 9000 అనుకుంటున్న నెట్‌వర్క్‌లో 8972తో చూడండి. వీఎక్స్‌ల్యాన్ మీద నడిచే నెట్‌వర్క్ అయితే 50 బైట్లు దానికే పోతాయి కాబట్టి లోపల 1450 ఉండాలి. రెండు వైపుల నుంచీ చూడండి, ఒక వైపు మాత్రమే తప్పుగా ఉండటం కూడా మామూలే.

రీజియన్‌సర్వర్ లేచి వెంటనే పడిపోతూ క్లాక్ అవుట్ ఆఫ్ సింక్ అంటే పేర్లను వదిలేయండి, గడియారం చూడండి. మాస్టర్‌తో 30 సెకన్లకు మించిన తేడా ఉంటే అది చేర్చుకోదు. గడియారాలను కలిపి ఉంచే క్రోనీ నడుస్తోందో లేదో «క్రోనీసీ ట్రాకింగ్» చెబుతుంది.

సరిచేసి మళ్లీ లేపే వరుస

మీ క్లస్టర్ చిన్నది కాబట్టి మొత్తం ఆపడమే శుభ్రం. ముందు హెచ్‌బేస్, తర్వాత హెచ్‌డీఎఫ్‌ఎస్, చివర జూకీపర్ ఆపండి. పేర్లు, హోస్ట్స్ ఫైళ్లు సరిచేసి నాలుగు మెషీన్లలోనూ గెటెంట్‌తో రెండు దిశల్లో చూడండి. తర్వాత మూడు చోట్ల పాత పేర్లు మిగిలిపోకుండా చూడండి: కోర్-సైట్‌లో నేమ్‌నోడ్ అడ్రస్, హెచ్‌బేస్-సైట్‌లో రూట్‌డిర్ (హెచ్‌డీఎఫ్‌ఎస్‌లో హెచ్‌బేస్ డేటా ఉండే చోటు), అదే ఫైల్‌లో జూకీపర్ కోరమ్ (జూకీపర్ మెషీన్ల జాబితా). కోరమ్‌లో లోకల్‌హోస్ట్ అని ఉంటే నోడ్2 తన దగ్గరే జూకీపర్‌ను వెతుక్కుంటుంది. రూట్‌డిర్‌లో ఉండే నేమ్‌నోడ్ పేరూ పోర్టూ కోర్-సైట్‌లో ఉన్నదానితో అక్షరం కూడా తేడా లేకుండా ఉండాలి. రీజియన్‌సర్వర్స్ ఫైల్‌లో కూడా కొత్త పేర్లు రాయండి. ఆ పేర్లతో ఎస్‌ఎస్‌హెచ్ ఒకసారి చేత్తో చేసి హోస్ట్ కీని ఒప్పుకోండి, లేకపోతే స్టార్ట్ స్క్రిప్ట్ ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. ఆపై జూకీపర్, హెచ్‌డీఎఫ్‌ఎస్, హెచ్‌బేస్ వరుసలో లేపండి.

లేచాక పాత లోకల్‌హోస్ట్ సర్వర్ చనిపోయిన సర్వర్ల జాబితాలో కనిపిస్తుంది. మాస్టర్ దాని రైట్-అహెడ్ లాగ్‌లను పంచి, రీజియన్లను కొత్త పేర్లున్న సర్వర్లకు ఇవ్వాలి. కాస్త సమయం ఇవ్వండి. చాలాసేపటికీ రీజియన్లు ఆ పాత పేరుకే అంటుకుని ఉంటే వెర్షన్ 2లో హెచ్‌బీసీకే2 పరికరంలోని «షెడ్యూల్‌రికవరీస్»కు (రికవరీస్ మొదటి అక్షరం పెద్దది) ఆ పాత సర్వర్ పూర్తి గుర్తింపును, అంటే పేరు, పోర్టు, లేచిన సమయం మూడింటినీ కామాలతో ఇవ్వండి.

ఈ దశలో జూకీపర్‌లోని హెచ్‌బేస్ నోడ్‌ను మొత్తం తుడిచేయమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. రెప్లికేషన్ పెట్టుకుని ఉంటే పీర్ల (డేటా కాపీ అందుకునే క్లస్టర్ల) వివరాలు మామూలుగా అక్కడే ఉంటాయి, వాటితో పాటే పోతాయి. హెచ్‌డీఎఫ్‌ఎస్‌లో రూట్‌డిర్ కింద ఉన్న మాస్టర్‌డేటా డైరెక్టరీని, డబ్ల్యూఏఎల్స్ (రైట్-అహెడ్ లాగ్‌ల) డైరెక్టరీని కూడా ముట్టుకోకండి. ఇంకా టేబుళ్లలోకి ఫ్లష్ కాని రాతలు ఆ లాగ్‌లలోనే ఉంటాయి.

రేపు క్లస్టర్ పెరిగాక ఒక్కో మెషీన్ పేరు విడిగా మార్చాల్సి వస్తే, ముందు «గ్రేస్‌ఫుల్_స్టాప్» స్క్రిప్ట్‌తో దాని రీజియన్లను పక్కకు తరలించండి. ఆ స్క్రిప్ట్‌కు ఇచ్చే పేరు మాస్టర్ వెబ్ పేజీలో కనిపించే పేరే అయి ఉండాలి. పేజీలో పూర్తి పేరు ఉండగా మీరు పొట్టి పేరు ఇస్తే స్క్రిప్ట్ ఆ సర్వర్‌ను గుర్తుపట్టదు, రీజియన్లు కదలకుండానే ఉండిపోతాయి.

ఇదంతా చేశాక కూడా నిలబడకపోతే మూడు మెషీన్ల నుంచి «హోస్ట్‌నేమ్ -ఎఫ్», చిన్న ఐ, పెద్ద ఐ ఫలితాలు, మాస్టర్ మెషీన్ హోస్ట్స్ ఫైల్, నోడ్2 రీజియన్‌సర్వర్ లాగ్‌లో మొదటి 200 లైన్లు పెట్టండి. లాగ్ చివరి లైన్లు కాదు, మొదటివి కావాలి. పేరు ఎంచుకున్న ఘట్టం అక్కడే రాసి ఉంటుంది.